పింఛను ఇచ్చే రోజునే మతిమరుపు సంగతీ అడగండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పెద్దవాళ్ళు చెప్పిందే చెబుతుంటే మా కోనసీమలో ‘చాదస్తం’ అంటాం, పెట్టిన వస్తువు మరచిపోతే ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటాం. ఈ రెండు మాటల చాటున ఒక జబ్బు ఉండవచ్చునన్న సంగతి మా ఇంట్లో ఏడాదిన్నర ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యం మరో ఇంట జరగకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అత్తగారు నలభై ఏళ్ళపాటు కొబ్బరితోట లెక్కలు చూసిన మనిషి. దింపు పూర్తయ్యేసరికి రాశిలో ఎన్ని కాయలున్నాయో, కురిడీకి ఎన్ని పక్కన పెట్టాలో, కూలి ఎంత ఇవ్వాలో కాగితం ముట్టకుండా చెప్పేవారు. అటువంటి ఆవిడ ఒకరోజు దింపువాళ్ళకు కూలి ఇచ్చి పంపి, వాళ్ళు కాలువ వంతెన దాటకముందే వెనక్కి పిలిచి మళ్ళీ ఇవ్వబోయారు. ఇందాకే ఇచ్చారత్తయ్యా అంటే, నా లెక్కనే తప్పంటారా అని కంటతడి పెట్టారు. మేం చాదస్తమే అనుకున్నాం. మొదట చూపించిన వైద్యుడు కూడా వయసేనని చెప్పి బలానికి మాత్రలు రాసిచ్చారు. చివరకు కాకినాడలో నరాల వైద్యులు థైరాయిడ్, బి12 పరీక్షలు, మెదడు స్కాన్ చేయించి అల్జీమర్స్ అని చెప్పారు. అన్ని పరీక్షలు ఎందుకని అడిగితే, థైరాయిడ్ హార్మోను తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, మనసు కుంగిపోయినా మతిమరుపు రావచ్చునని, వాటికి వైద్యం ఉందని వివరించారు. అందుకే వయసేనని ఇంట్లోనే తేల్చేసుకోవద్దని తోటి కుటుంబాలను కోరుతున్నాను.

డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన, మాట, రోజువారీ పనులు చేసుకునే శక్తి క్రమంగా తగ్గిపోయే స్థితి. అందులో నూటికి 60 నుంచి 70 కేసులకు మూలం అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా 5.7 కోట్ల మంది డిమెన్షియాతో ఉన్నారు. మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి, అంటే నూటికి ఏడుగురికి పైగా, ఇది ఉన్నట్టు 2023లో ఒక అంచనా వెలువడింది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అయితే 2024లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 14 కారణాలను గుర్తించి, వాటిని జీవితమంతా అదుపులో పెట్టగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని చెప్పింది. రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, తలకు దెబ్బలు, ఒంటరితనం, వినికిడి లోపం, చూపు తగ్గడం వీటిలో కొన్ని. మా అత్తగారికి పదిహేనేళ్ళుగా రక్తపోటు ఉన్నా, తలనొప్పి వచ్చిన రోజునే మాత్ర వేసుకునేవారు. మా ఊళ్ళో సగం మంది తీరు ఇదే. శుక్లాల ఆపరేషన్‌కు ఒప్పుకునే పెద్దవాళ్ళు చెవి మిషనంటే మాత్రం నామోషీ పడతారు. మాట వినపడక అరుగు మీది కబుర్లకు దూరమై, పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉండగా గదిలో ఒంటరిగా మిగిలిపోతారు. చెవి, ఒంటరితనం రెండూ ఆ జాబితాలో ఉన్నవే.

సాయంత్రమయ్యేసరికి మా అత్తగారు సంచిలో ఒక చీర మడిచి పెట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే ఆఖరి పంటు వెళ్ళిపోతుందట, వాళ్ళమ్మ ఎదురుచూస్తోందట. వాళ్ళమ్మగారు పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆవిడ అప్పుడే విన్నట్టు ఏడ్చేవారు. ఇప్పుడు చెప్పడం మానేశాం. ‘టీ తాగి వెళ్దురు గాని, మీ అమ్మగారు పూతరేకులు బాగా చేసేవారట కదా’ అంటే సంచి కింద పెట్టి కబుర్లలో పడతారు. ఇంటి ముందే పంట కాలువ కనుక గేటుకు లోపలి గడియ పెట్టించాం, మా ఫోన్ నంబరు రాసిన బిళ్ళను ఆవిడ గాజుకు కట్టాం. ఇవన్నీ మాకు ఎవరూ నేర్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నాం. రోగిని చూసుకునేవారికి ఈ మాటలు ముందే చెప్పే మనిషి మండలానికి ఒకరైనా ఉండాలి.

ప్రభుత్వానికి నా విన్నపం కష్టమైనదేమీ కాదు. ప్రతి నెలా ఒకటో తారీఖున గ్రామ సచివాలయ సిబ్బంది పింఛను ఇవ్వడానికి పెద్దవాళ్ళ ఇంటికే వస్తున్నారు. వచ్చిన మనిషిని గుర్తుపడుతున్నారా, నోట్లు లెక్కపెట్టుకోగలుగుతున్నారా, కిందటి నెల పింఛను అందిన సంగతి గుర్తుందా అన్నది వాళ్ళకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. వారికి ఒక పూట శిక్షణ ఇచ్చి, అనుమానం కలిగిన పేర్లను ఊరి నర్సు అయిన ఏఎన్ఎంకు చేర్చేలా చూడాలి. జిల్లా ఆస్పత్రుల్లో వృద్ధుల వైద్యానికి 2010లోనే జాతీయ కార్యక్రమం మొదలైంది కనుక, దాని కిందనే అమలాపురంలో నెలకు ఒక రోజు జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టవచ్చు. రోగిని చూసుకునే ఆడవాళ్ళకు రోజుకు రెండు గంటలైనా ఊపిరి తీసుకునే వీలుండేలా, పంచాయతీకి ఒక గది, ఒక ఆయా ఏర్పాటు చేయాలి. నా భర్తకు జ్వరం వచ్చిన వారం నేను ఆస్పత్రికి వెళ్ళాలంటే, అత్తగారిని ఎవరి దగ్గర వదలాలో తెలియక ఆటోలో వెంట తీసుకువెళ్ళాను.

వృద్ధుల సహాయానికి 14567, మానసిక ఆరోగ్యానికి 14416 అనే ఉచిత ఫోన్ నంబర్లున్నాయి. మా వీధిలో ఈ సంగతి తెలిసినవారు లేరు. ప్రతి నెలా ఒకటో తారీఖున మీ జిల్లా పేజీలో వీటిని పెద్ద అక్షరాలతో ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా