అమ్మలుకు, ఉసిరికాయ పచ్చడితో పాటు

తెనాలి,
24-11-2024.

చి. అమ్మలుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, చెప్పిన మాట వినకపోవడం మాత్రం తగ్గలేదు. రేపు ఆఖరి కార్తీక సోమవారం. వాసు మంగళవారం బయల్దేరి బెంగళూరు వస్తున్నాడు. వాడి చేత ఉసిరికాయ పచ్చడీ, కందిపొడీ పంపిస్తున్నాను. ఒట్టి సీసాలు పంపడమెందుకని ఈ ఉత్తరం. వేరే విశేషమేమీ లేదు.

మొన్న శారదత్తయ్య దీపాలకు వచ్చి, "అమ్మలుకు ఇప్పుడెలా ఉంది వదినా?" అంది. బాగానే ఉంది, ఏం అన్నాను. "అదే, లేహ్‌లో ఆక్సిజన్ పెట్టారట కదా..." అని, నా మొహం చూసి గబుక్కున ఉసిరి చెట్టు కాపు గురించి మొదలుపెట్టింది. తనకెవరు చెప్పారో నేను అడగలేదు. నిన్నూ అడగడం లేదు.

సరే, నీ నక్షత్రం సంగతేమైంది? సెప్టెంబరులోపే పేలుతుందన్నారు, నవంబరు అయిపోవచ్చింది. నాన్న రోజూ పేపరు తీసి "అమ్మలు నక్షత్రం పేలిందా" అని వెతుకుతున్నారు. టి కరోనా బొరియాలిస్ అని నోరు తిరగక ఆ పేరు పెట్టుకున్నారు. టెన్త్ పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని కాబట్టి నువ్వు పంపినవన్నీ చదివి ఆయనకు నేనే వివరించాను. అక్కడ ఉన్నది ఒక నక్షత్రం కాదు, రెండు. ఒకటి ఉబ్బిపోయిన ఎర్ర నక్షత్రం, ఇంకొకటి చచ్చి కుంచించుకుపోయిన శ్వేత కుబ్జం. 227 రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. ఆ చిన్నది, పక్కింట్లో చేబదులు తెచ్చుకుని తిరిగివ్వని మనిషిలా, పెద్దదాని హైడ్రోజన్ లాక్కుంటూ ఒంటి మీద పోగేసుకుంటుంది. సుమారు 80 ఏళ్ళకు ఆ పోగైనదంతా ఒక్కసారి అంటుకుంటుంది. 1866లో ఒకసారి, 1946లో ఒకసారి. మామూలప్పుడు కంటికే ఆననిది, పేలితే కొన్నాళ్ళు ధ్రువ నక్షత్రమంత వెలుగుతుంది. 1946కు ముందు మసకబారినట్టే 2023లోనూ మసకబారిందని కదా మీవాళ్ళు ఇంత హడావుడి చేస్తున్నది. అది మన నుంచి 3,000 కాంతి సంవత్సరాల దూరమని చెబితే నాన్న, "అంటే ఎప్పుడో పేలిపోయి కబురు దారిలో ఉందన్నమాట" అన్నారు. అంతంత దూరాల నుంచి కబుర్లొస్తున్నాయి. లేహ్ నుంచి రావడానికి ఏమొచ్చింది? శారద నోటి నుంచి వినాలా నేను?

ఆ అమెరికా రైతుబిడ్డ కథ చదివావా? ఒహాయోలో డెల్ఫోస్ అనే ఊరు. లెస్లీ పెల్టియర్ అని, పొలంలో పెరిగిన మనిషి. స్ట్రాబెర్రీలు కోసిన డబ్బులు 18 డాలర్లు కూడబెట్టి చిన్నప్పుడే టెలిస్కోపు కొనుక్కున్నాడట. 1918లో మొదలుపెట్టి 1980లో పోయేదాకా తను చూసిన నక్షత్రాల వెలుగు లెక్కలు నెల తప్పకుండా రాసి పంపాడు. నెల తప్పకుండా! మనకేమో ఆదివారం ఫోనుకు కూడా మీటింగులు అడ్డం. సరే, అది పక్కన పెట్టు. ఆయన ఈ నీ నక్షత్రాన్నే పాతికేళ్ళు కాపలా కాశాడు. మబ్బులు లేని రాత్రి ఉంటే చాలు, దాన్ని పలకరించాల్సిందే. 1946 ఫిబ్రవరిలో ఒకనాడు అర్ధరాత్రి దాటాక రెండున్నరకు అలారం పెట్టుకుని లేచాడు. బయట చలి. గొంతులో గరగర, జలుబు చేసే లక్షణాలు. ఎందుకొచ్చిందిలే అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. సరిగ్గా ఆ రాత్రే అది పేలింది! పాతికేళ్ళు ఎదురుచూసిన మనిషి నిద్రపోతూ ఉండిపోయాడు. తర్వాత ఆయనే రాసుకున్నాడు, తప్పు నాదే అయినా ఇన్నేళ్ళ స్నేహానికి అది నా మీద కాస్త దయ చూపించాల్సింది అని. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా మునుపటి ప్రేమ లేదట.

ఈ కథ చెప్పిన వాళ్ళందరూ అయ్యో పాపం అంటారు. నేనైతే అనను. ఒంట్లో బాగాలేదని తెలిసింది, పడుకున్నాడు. అంతకంటే బుద్ధిమంతుడు ఎవరుంటారు? 80 ఏళ్ళు బతికాడు, ఆ తర్వాత కూడా తోకచుక్కలు కనిపెట్టాడు. ఇంకో సంగతి. అదే పేలుడును వేల్స్‌లో ఒక 15 ఏళ్ళ పిల్లాడు ఇంట్లో పడకగది కిటికీలోంచి చూశాడు. కిటికీలోంచి! ఏ కొండా ఎక్కలేదు.

ఎందుకంటున్నానంటే, లడఖ్‌లోని హాన్లే టెలిస్కోపును బెంగళూరు పక్కన హోసకోటలో కూర్చుని ఉపగ్రహం ద్వారా నడుపుతారని నువ్వే చెప్పావు. చూపించావు కూడా. మరి జనవరిలో మళ్ళీ అక్కడికి నువ్వే ఎందుకెళ్ళాలి? కెమెరా మార్చాలి, దగ్గరుండి బిగించాలి అంటావు. బిగించడానికి మగపిల్లలు లేరా అని నాన్న అన్నారు, నేను ఊరుకోలేదు. ఆడపిల్ల అని కాదు నా గొడవ. 4,500 మీటర్ల ఎత్తు, మైనస్ పాతిక చలి. అక్కడి గాలిలో ఒక్కో పీల్పుకూ మనకిక్కడ అందే ఆక్సిజన్‌లో సగానికి కొంచెం ఎక్కువ, అంతే. జనవరికి కరోనా బొరియాలిస్, అదే నీ నక్షత్రం ఉండే ఆ కిరీటం లాంటి చుక్కల గుంపు, తెల్లవారుజామున తూర్పున వస్తుందని సంబరపడుతున్నావు. తెల్లవారుజామంటే అక్కడ చలి ఎంతుంటుందో ఒక్కసారైనా ఆలోచించావా?

లెక్చరు ఇవ్వకూడదనే అనుకున్నాను. అయినా విను. లేహ్‌లో దిగిన మొదటి రెండు రోజులూ గదిలో పడుకోవాలి, మార్కెట్ తిరగడం కాదు. నీళ్ళు తాగుతూ ఉండాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే మాత్ర వేసుకుని ఓర్చుకోవడం కాదు, గైడుగారికి చెప్పి కిందికి దిగిపోవాలి. ఇంకా పైకి ఎక్కితే ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి నీరు చేరుతుంది. ఇది శారద చెప్పింది కాదు, నేను చదివింది. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా? పోయినసారి ఇచ్చినవి అలమరలోనే ఉన్నాయి, నేను చూశాను.

నిన్ను మానేయమనడం లేదు. మే నెలలో హాన్లే మీద ఆకాశం ఎర్రబడిన ఫోటో నువ్వు పంపితే కాలనీ అంతా తిరిగి చూపించింది ఎవరు? సూర్యుడి తుపాను అది, ఆక్సిజన్ పరమాణువులు ఎర్రగా వెలిగాయి అని పాలబ్బాయికి కూడా చెప్పాను.

అల్లిన స్వెట్టరు సంచిలో అడుగున ఉంది. రంగు బాలేదనకు, లోపల వేసుకునేదే. మంకీ క్యాప్ కూడా పెట్టాను. పచ్చడి సీసా నిలువుగా ఉంచు, పోయినసారి నూనె కారి బట్టలు పాడయ్యాయి. చెమ్మ గరిటె పెట్టకు.

లేహ్‌లో డాక్టరు రాసిన చీటీ ఉంటే రెండు వైపులా ఫోటో తీసి వాసు చేతికి ఫోనిచ్చి పంపించు, నువ్వు మర్చిపోతావు. రక్తంలో ఆక్సిజన్ ఎంత చూపించిందో అంకె కావాలి, "పర్వాలేదమ్మా" అనే మాట వద్దు. అమ్మమ్మకు చెప్పనులే. నాన్నకు కూడా నేనే మెల్లగా చెబుతాను. జనవరి టికెట్టు క్యాన్సిల్ చేసుకునే వీలుందో లేదో మాత్రం కనుక్కుని ఉంచు.

మీ అమ్మ