అత్తకి పాటతో వీడ్కోలు: అందరికీ కృతజ్ఞతలు

మా మేనత్త అంత్యక్రియల్లో నేను పాడగలనా అని అడిగితే ధైర్యం చెప్పిన అందరికీ నమస్కారాలు. పాడాను, చివరిదాకా పాడాను. విడివిడిగా రాసే ఓపిక ఇంకా రాలేదు, అందుకే ఇలా.

శ్రుతి (పాడే స్థాయి) తగ్గించుకోమన్న అక్కకి ముందుగా థ్యాంక్స్. మామూలుగా ఐదు శ్రుతిలో పాడేదాన్ని, నాలుగుకి దిగాను. పై షడ్జం (పై స్థాయి 'స') దాటే సంగతులు, అంటే ఒకే లైనుని మార్చి మార్చి పాడే విరుపులు, తీసేశాను. ఏడుపొస్తే గొంతులో ముద్ద ఎందుకు అడ్డం పడుతుందో చెప్పిన డాక్టర్ గారి మాట కూడా బాగా పనికొచ్చింది. అప్పుడు గాలి ఎక్కువ కావాలని స్వరతంతువుల మధ్య దారి తెరుచుకుని ఉంటుందట. మనం మింగబోతే అది మూసుకోవాలి. ఆ పెనుగులాటే ముద్దలా తెలుస్తుందట. అందుకే గుటకలు మింగకుండా, నెమ్మదిగా గాలి వదిలి, ఎవరి ముఖమూ చూడకుండా ఎత్తుకున్నాను.

రాగం విషయంలో మాత్రం మీ మాట వినలేదు, ఏమనుకోకండి. చాలామంది దుఃఖం పలికే శివరంజని అన్నారు. అత్తకి ఇష్టం మోహన. దుఃఖం ఎలాగూ అక్కడే ఉంది, రాగంతో మళ్ళీ పిలవడం దేనికి? చిక్కల్లా ఒక్కటే. ఆ రెండు రాగాలకీ తేడా గాంధారంలోనే, అంటే 'గ' స్వరంలోనే. గొంతు వణికి గాంధారం కిందికి జారిందా, మోహన కాస్తా శివరంజని అయి కూర్చుంటుంది. నా టెన్షనంతా అదే.

దాన్ని తీర్చింది వయొలిన్ వాయించిన తమ్ముడు. నా కోసం తీగలు నాలుగుకి దింపుకుని, "గాంధారం నాకొదిలెయ్ అక్కా. నువ్వు ఆగినా నేను ఆగను, వీలైనచోట అందుకో" అన్నాడు. చరణంలో నిజంగానే మాట పెగల్లేదు. కమాను ఆగలేదు. ఆ లైనంతా తనే వాయించి, మళ్ళీ మొదటికొచ్చి నావైపు తలూపాడు. అందుకున్నాను. విన్నవాళ్ళు అదంతా ముందే అనుకున్నదనుకున్నారు!

పాట వెనక శ్రుతి వినిపించే తంబూర యాప్ ఉన్న ఫోన్‌ని గుర్తుపెట్టుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టిన బావకి కూడా థ్యాంక్స్. ఆ రోజు ఎన్ని ఫోన్లు వస్తాయో మీకు తెలుసు కదా.

కొందరు రికార్డింగ్ అడిగారు. నేనే ఇంకా వినలేదు. విన్నాక పంపిస్తాను.