మన ఊరి మెడికల్, నర్సింగ్ పిల్లల స్కాలర్‌షిప్ ఫండు: 2024-25 జమా ఖర్చులు

అందరికీ నమస్కారం. కమిటీ వాళ్లు లెక్క చెప్పరు, డబ్బులు ఏమైనాయో అని గ్రూపులో ఒకటే మెసేజీలు. ఇదిగో లెక్క.

జమ: ఊర్లో చందాలు 1,42,500. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉండే మనోళ్లు ఫోన్‌పేలో వేసింది 96,000. పోయినేడు మిగులు 11,300. బ్యాంకు వడ్డీ 2,140. మొత్తం 2,51,940. ఇచ్చినోళ్లందరికీ దండాలు, పింఛన్ డబ్బుల్లోంచి 200 తీసిచ్చిన అవ్వకైతే ఇంకా పెద్ద దండం.

ఖర్చు: ఎంబీబీఎస్ ఇద్దరికి 50,000. బీఎస్సీ నర్సింగ్ ఐదుమందికి 75,000. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) ఇద్దరికి 24,000. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగ్గురికి 30,000. ఎముకల సెట్టు 9,500. రసీదు బుక్కులు, జిరాక్సులు, బ్యాంకు చార్జీలు 1,860. కాలేజీకి కట్టిన అడ్వాన్సు 42,000. మొత్తం 2,32,360, నిల్వ 19,580.

జూన్‌లో వసూలు చేసి నవంబర్ దాకా ఎందుకు పంచలేదంటే, ఆ ఏడు నీట్ (మెడికల్ సీట్ల ప్రవేశ పరీక్ష) పేపర్ లీకు గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, సవరించిన ర్యాంకులే జులై 26న వచ్చినాయి, కౌన్సెలింగ్ ఆ తర్వాతే. సీటు రాకముందే ఎవరికని ఇయ్యాల? డబ్బంతా బ్యాంకులోనే ఉండె, వడ్డీ చూడండి తెలుస్తుంది.

ఎముకల సెట్టుకు నవ్వినోళ్లకు ఒక మాట. ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో అనాటమీకి, అంటే ఒంటి నిర్మాణం చదివే సబ్జెక్టుకు, అది కావాల్సిందే, తొడ ఎముక చేతిలో పట్టుకుని ఏ గుర్తుకు ఏ కండరం అంటుకుంటుందో వైవాలో (నోటి పరీక్షలో) చెప్పాల. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివే మన పిల్లోనికి సీనియర్ దగ్గర పాతది కొనిచ్చినాం, ఏడాది అయినాక కమిటీకి తిరిగిస్తాడు, వచ్చే పిల్లలకు పనికొస్తుంది.

ఇంక 42,000 సంగతి. జనరల్ బాడీని (సభ్యులందరి మీటింగు) అడక్కుండా కమిటీ మెంబర్ బంధువుకు ఇచ్చినారని రచ్చంతా దీని మీదే కదా. పాప నర్సింగ్ చివరి ఏడాది, వాళ్ల నాయన ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు, బకాయి కడితేనే హాల్ టికెట్ అని కాలేజీ వాళ్లు కూర్చున్నారు. పరీక్ష పోతే ఆరు నెలలు పోయినట్టే, అప్పటికి ఇంకా నాలుగు దినాలే ఉండె, జనరల్ బాడీ పిలిచే టైమ్ యాడిది? కమిటీ మీటింగులోనే తీర్మానం చేసినాం. పాప మన మెంబర్ ఒకాయనకు చెల్లెలి కూతురే, దాచేదేముంది, అందుకే ఆయప్ప ఆ మీటింగులో కూర్చోలేదు, తీర్మానం మీద సంతకమూ పెట్టలేదు. డబ్బు ఇంటోళ్ల చేతికి ఇయ్యలేదు, కాలేజీ పేరు మీద డీడీ తీసినాం. ఇది స్కాలర్‌షిప్ కాదు, అప్పు. ముందు రీయింబర్స్‌మెంట్ తల్లుల ఖాతాలో పడేది, ఇప్పుడు నేరుగా కాలేజీకే పోతుంది కాబట్టి, పడిన వెంటనే మా డబ్బు వెనక్కి ఇస్తామని కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాం. ఇంకా రాలేదు, నిజమే. గవర్నమెంటు వేయంది మమ్మల్ని అడిగితే మేమేం చేస్తామప్పా? పాప పరీక్ష రాసింది, పాసైంది, అది మాత్రం ఎవరూ గ్రూపులో పెట్టరు.

ఇంకో మాట. మైకులో పేరు చదివించుకుని చప్పట్లు కొట్టించుకున్న చందాల్లో 31,000 ఇప్పటికీ రాలేదు. పత్తి అమ్మినాక అన్నారు, పత్తి అమ్మినారు, శనగ కూడా కోసినారు. పేర్లు రాయడం లేదు, ఎవరో వాళ్లకే తెలుసు. చిత్రమేందంటే లెక్క అడిగేదాంట్లో ముందుండేది వాళ్లల్లో ఇద్దరు.

పాస్‌బుక్కు, డీడీ జిరాక్సు, కాలేజీ లెటరు అన్నీ పంచాయతీ ఆఫీసులో పెడుతున్నాం, ఆదివారం పొద్దున వచ్చి చూసుకోండి. బాకీ ఉన్నోళ్లు వచ్చేటప్పుడు చందా కూడా తెచ్చుకోండి, రసీదు బుక్కు ఆడనే ఉంటుంది.