పాలు మానకండి, ప్యాకెట్ మీద అంకె చూడండి

సంపాదకులకు,

బరువు తగ్గాలనుకోగానే మన ఆడవాళ్ళు ముందుగా ఎసరు పెట్టేది పాలకే. పాలు తాగితే సన్నబడతారని నేననను. కానీ కోత ఎక్కడ పెట్టాలో తెలియాలి కదా.

చెన్నైలో దొరికే ఆవిన్ పాలే చూడండి. నీలం ప్యాకెట్‌లో కొవ్వు 3 శాతం, నారింజ రంగు దాంట్లో 6. 200 మి.లీ. గ్లాసుకు మొదటిది సుమారు 115 క్యాలరీలు, రెండోది 175. మాంసకృత్తులు రెండింట్లోనూ ఆరు గ్రాములకు అటూ ఇటూ, కాల్షియం 240 మి.గ్రా. దాకా. తేడా అంతా వెన్నదే. 1.5 శాతం కొవ్వుండే డబుల్ టోన్డ్ పాలైతే గ్లాసుకు 95 లోపే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాలూ పెరుగూ కలిపి రోజుకు 300 మి.లీ. చాలంటుంది. కాఫీలో పోసే పాలూ ఆ లెక్కలోవే.

మీగడ తీసేసి తాగితే సరి అంటారు. కాచి, చల్లార్చి, ఆరేడు గంటలు ఫ్రిజ్‌లో పెడితే మందంగా కట్టిన మీగడను గరిటెతో ఎత్తేయవచ్చు, నిజమే. కానీ ‘హోమోజినైజ్డ్’ అని రాసి ఉన్న పాలలో వెన్న రేణువుల్ని ముందే బాగా చిన్నవి చేసేస్తారు, అవి పైకి తేలవు. పైన కట్టిన పలచటి పొర తీసినా కొవ్వు చాలావరకు పాలలోనే ఉంటుంది. ఇక తీసిన మీగడంతా కూడబెట్టి, నెయ్యి కాచి పప్పన్నంలో పోసుకుంటే చెప్పేదేముంది! నీళ్ళు కలిపితే కొవ్వుతో పాటు కాల్షియమూ పలచబడుతుంది.

అసలు దొంగ పంచదార. రోజుకు మూడు ఫిల్టర్ కాఫీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు అనుకోండి. చెంచా 5 గ్రాములు, 20 క్యాలరీలు. మొత్తం 120, అంటే నీలం ప్యాకెట్ పాలు ఒక గ్లాసుడు! పాలు మానేసి కాఫీ మానని వాళ్ళు ఈ లెక్క వేసుకోరు.

ఐరన్ మాత్ర వేసుకునేవారు పాలకూ దానికీ రెండు గంటల ఎడం ఉంచాలి. కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కాఫీ, టీలూ అంతే. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతోనే వేసుకోవాలి, కాఫీ ఆ తర్వాత గంటకు.

పాలు పడక కడుపుబ్బరించే వాళ్ళకు పెరుగు, మజ్జిగ చాలావరకు పడతాయి. బదులుగా బాదం పాల ప్యాకెట్ కొనేవారు వెనక్కి తిప్పి మాంసకృత్తులెంత, చక్కెరెంత అన్నది చూసి కొనాలి.

– ఒక పోషకాహార నిపుణురాలు, టి.నగర్, చెన్నై