దినాలయ్యాక ఆ అమ్మాయి గదికొస్తుంది

అమ్మలూ,

నీ రూమ్మేట్ వాళ్ళ నాన్నగారు పోయారని, తిరిగొచ్చాక తనతో ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాత్రి ఫోన్లో అన్నావు కదా. అప్పుడు సరిగ్గా చెప్పడం రాలేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఏమీ మాట్లాడక్కర్లేదు తల్లీ. తాతయ్య మనింట్లో ఉండగానే పోయారు, గుర్తుందా, నువ్వప్పుడు ఐదో తరగతి. "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు వదినా" అని ఎంతమంది అన్నారో, అందరిదీ మంచి మనసే, కానీ అలాంటప్పుడు మనకేం కావాలో మనకి తెలిస్తేగా అడగడానికి. పక్కింటి పిన్ని మాత్రం ఏమీ అడగలేదు. తెల్లారేసరికి ఫ్లాస్కు నిండా కాఫీ పెట్టి వెళ్ళేది, నీ యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేయించి తెచ్చింది, దినాలైపోయి చుట్టాలందరూ ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, ఇల్లు బావురుమంటున్న ఆ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసింది. గంటసేపు ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

డొక్కా సీతమ్మగారి కథ నీకు చిన్నప్పుడు చెప్పేదాన్ని. పి.గన్నవరం అక్విడక్టుకీ, ఇప్పుడు బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆవిడ అంతర్వేది దర్శనానికి పల్లకీలో వెళ్తూ, దారిలో ఒక పెళ్ళివారు ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని "ఇంకాసేపట్లో గన్నవరం వచ్చేస్తుంది, సీతమ్మగారు అన్నం పెడతారు" అని ఊరుకోబెట్టడం విని, దర్శనం మానేసి వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలెట్టారని మన వైపు చెప్పుకుంటారు. ఆ ముందే ఇల్లు చేరడం ఉంది చూశావూ, నాకు అదే కళ్ళల్లో నీళ్ళు తెప్పిస్తుంది.

తను వచ్చే రోజుకి దుప్పటి ఉతికి పక్క వేసి ఉంచు. అన్నం, చారు చాలు. తినమని బలవంతం చెయ్యకు, నువ్వు తినేటప్పుడు తనకీ కంచం పెట్టు. నాన్నగారి మాట తనే ఎత్తితే విను, మధ్యలో మన తాతయ్య సంగతి మొదలెట్టకు. ఇంకోటి, మాసికం ఏ రోజో కనుక్కుని ఫోన్లో రిమైండర్ పెట్టుకో, నెల తిరిగేసరికి ఆఫీసులో అందరూ మర్చిపోతారు. ఆ వేళ కాస్త పెందలాడే గదికొచ్చెయ్.

కందిపొడి రెండు సీసాలు పంపుతున్నాను. ఆ అమ్మాయికి వెల్లుల్లి పడదని ఎప్పుడో అన్నావు, తన సీసాలో వెయ్యలేదు, మూతకి ఎర్రదారం కట్టాను, చూసి ఇవ్వు.

అమ్మ