ఎనిమిదడుగుల ట్యాంక్‌కి లైట్ల సంగతి

ఒరేయ్ శ్రీనూ,

నీ మెసేజ్‌లో కొత్త పగడాల అక్వేరియం కొలతలు చూసి మళ్లీ ఒకసారి కళ్లు నులుముకుని చూశాను. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు! అంటే దాదాపు 540 గ్యాలన్లు, రెండు వేల లీటర్ల పైమాటే. నీళ్ల బరువే రెండు టన్నులు. మీ అట్లాంటాలో బేస్‌మెంట్ ఉంది కాబట్టి సరిపోయింది గానీ, మా డల్లాస్ ఇళ్లలో ఇలాంటిది పెట్టాలంటే ముందు భార్యని, తర్వాత ఇంజినీర్‌ని ఒప్పించాలి. చెల్లెమ్మ ఎలా ఒప్పుకుందో తర్వాత తీరిగ్గా చెప్పు.

"లోతు ట్యాంక్ కదా, ఎక్కువ వాట్లు, వెలుతుర్ని ఒకేచోటికి ఇరుగ్గా పంపే సన్న లెన్సు ఉన్న లైట్లు తీసుకోమని షాపతను అన్నాడు" అని రాశావు. నాకు ఆ మాట సగమే నచ్చింది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

అందరూ అనుకునేది ఏంటంటే, నీళ్లు వెలుతుర్ని తాగేస్తాయి, అందుకే అడుగున చీకటి అని. సముద్రంలో పది, ఇరవై మీటర్ల లోతున అది నిజమే. మన ట్యాంక్‌లో ఇసుక పోను మిగిలేది ముప్పై రెండు అంగుళాల నీరు. పగడాలకి పనికొచ్చే నీలం వెలుతురు శుభ్రమైన నీటిలో ఒక మీటరు దిగితే తగ్గేది నూటికి ఒకటో రెండో వంతులు. ఎరుపు మాత్రం మీటరుకి మూడో వంతు పోతుంది, పోతే పోనీ. మరి అడుగున ఎందుకు తగ్గుతుందంటే, లైటు నుంచి దూరం పెరిగేకొద్దీ వెలుతురు పక్కలకి పరుచుకుంటుంది. దోషం నీళ్లది కాదు, దూరానిది. నీళ్లు పసుపు రంగుకి తిరిగితే కథ వేరు. ఆ పసుపు నేరుగా నీలాన్నే మింగుతుంది, కాబట్టి ఆ రంగుని పీల్చేసే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) మాత్రం మానకు.

ఇంకో తమాషా ఉంది. 120 డిగ్రీల వెడల్పుతో పడే వెలుతురు నీటిలోకి దిగగానే వంగి దాదాపు 80 డిగ్రీలకి సన్నబడుతుంది. పైగా, పైనుంచి దిగిన కిరణం లోపల పక్క గాజుకి తగిలితే చాలావరకు బయటికి పోకుండా మళ్లీ లోపలికే తిరిగొస్తుంది. అంటే వెడల్పు లెన్సు పెడితే వెలుతురంతా హాల్లోకి పోతుందన్న భయం అక్కర్లేదు. నీటి లోపలికి దిగిందంటే గాజు గోడలే దాన్ని కిందికి నడిపిస్తాయి. గాజు మీద నాచు కట్టకుండా చూసుకుంటే చాలు.

అందుకే సన్న లెన్సు అంటే నాకు పెద్దగా మోజు లేదు. 60 డిగ్రీల లెన్సు అడుగున ఒక మచ్చ మీద బాగానే కొడుతుంది, కానీ దాని పైన రాయి మీద ఉన్న అక్రోపోరా (కొమ్మల పగడం) మాడిపోతుంది, ఆ కొమ్మ కిందున్న నీడలో ఏదీ పెరగదు. అక్రోపోరా బాగా గుబురుగా పెరిగాక కింది కొమ్మలు తెల్లబడి చచ్చిపోతుంటాయి చూడు, చాలాసార్లు దానికి కారణం నీడే. మూడడుగుల వెడల్పు ట్యాంక్‌లో అసలు సమస్య లోతు కంటే నీడలు.

కాబట్టి వాట్లు పక్కన పెట్టు. చూడాల్సింది పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని పడుతున్నాయన్నదే అది. వానలో వాకిట్లో ఎన్ని చినుకులు పడ్డాయో లెక్కపెట్టినట్టు. మిట్టమధ్యాహ్నపు ఎండలో మైక్రోమోళ్ల లెక్కన దాదాపు 2000 ఉంటుంది. మనకి అంత అక్కర్లేదు. సాఫ్ట్ కోరల్స్‌కి (మెత్తటి పగడాలు) 50 నుంచి 100, టార్చ్, హామర్ లాంటి ఎల్‌పీఎస్‌కి (పెద్ద పాలిప్‌ల గట్టి పగడాలు) 80 నుంచి 150, అక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్‌కి (చిన్న పాలిప్‌ల గట్టి పగడాలు) 200 నుంచి 350 ఉంటే హాయిగా ఉంటాయి.

ఇది తెలిశాక అడుగున కూడా 300 తేవాలన్న పట్టుదల ఎందుకు? అడుగున 80, 100 వచ్చేలా చూసుకుని ఇసుక మీద ట్రాకీఫిలియా, స్కోలీమియా, నీడపట్టున చాలీస్ పగడాలు పెట్టు. మధ్యలో యూఫీలియాలు, అంటే ఆ టార్చ్, హామర్లు. పై పన్నెండు అంగుళాల్లో అక్రోపోరాలు. రాళ్లని నీటి మట్టానికి ఎనిమిది, పది అంగుళాల కింది దాకా లేపు. నిజమైన రీఫ్‌లోనూ ఎవరి లోతు వాళ్లదే కదా. పైగా మూడడుగుల అడుగుకి నీ చెయ్యి అందదురా. అక్కడ గంటకోసారి సర్దాల్సిన గారాబు పగడాలు పెట్టుకుని నిచ్చెనెక్కి తిరగడం దేనికి?

ఇక సరంజామా. నీ కొలతకి నాలుగు పెద్ద ఫిక్స్‌చర్లు (లైటు పెట్టెలు), ఒక్కొక్కటి 200 వాట్ల దరిదాపుల్లోవి, రెండడుగులకొకటి చొప్పున అడ్డంగా తిప్పి వేలాడదియ్యి. వాటికి ముందొకటి, వెనకొకటి పొడుగు ఎల్‌ఈడీ బార్లు. ఫిక్స్‌చర్లు బలాన్నిస్తాయి, బార్లు నీడల్ని చెరుపుతాయి. రేడియన్ ఎక్స్ఆర్30 తీసుకున్నా, కెసిల్ ఏపీ9ఎక్స్ తీసుకున్నా, హైడ్రా 64లు ఇంకో రెండు ఎక్కువ వేసుకున్నా పని జరుగుతుంది. కెసిల్‌లో ఎల్‌ఈడీలన్నీ ఒకేచోట గుత్తిగా ఉంటాయి కాబట్టి ఇసుక మీద అలల మెరుపు అందంగా ఆడుతుంది. రంగురంగుల ఎల్‌ఈడీలు దూరందూరంగా ఉన్న చవక పెట్టెల్లో మాత్రం ఇసుక మీద ఎరుపూ ఆకుపచ్చా డిస్కోలా తిరుగుతాయి, నాకు తలనొప్పి. నీటికి పది, పన్నెండు అంగుళాల పైన ఉంచు. సీలింగ్‌కి కప్పీలతో కడితే శుభ్రం చేసేటప్పుడు పైకి లాగెయ్యొచ్చు.

పాతకాలపు మెటల్ హాలైడ్ బల్బుల గురించి అడిగావు. 400 వాట్ల హాలైడ్ దించే వెలుతురు ఇప్పటికీ అందమే, కాదనను. కానీ నీళ్లు కాగుతాయి, వాటిని చల్లబరిచే చిల్లర్ మెషిన్ కావాలి, బల్బులు ఏడాదికోసారి మార్చాలి. పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ సంజయ్ జోషి అక్వేరియం లైట్లని ఏళ్ల తరబడి కొలిచి రాసినాయన, ఇంట్లో 500 గ్యాలన్ల రీఫ్ పెట్టుకున్నాడు. హాలైడ్లతో అంతకాలం గడిపిన ఆయనే ఎల్‌ఈడీలకి మారాడంటే ఇంక నేనేం చెప్పాలి.

రంగుల విషయానికొస్తే, నీలం, వయొలెట్ ఛానెళ్లు ఎక్కువ, తెలుపు మితంగా, ఎరుపు ఆకుపచ్చలు నామమాత్రంగా. పగడాల ఒంట్లో ఉండే ఆల్గేకి నీలం మంచి మేత. మెరిసే ప్రోటీన్లు వెలిగేదీ దానితోనే. ఆ మెరుపు వెనక పెద్ద కథే ఉంది. జెల్లీఫిష్‌లో ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌ని జపాన్ శాస్త్రవేత్త షిమొమురా 1962లో బయటపెడితే 2008లో నోబెల్ వచ్చింది, నీలి ఎల్‌ఈడీకి 2014లో వచ్చింది. మన డ్రాయింగ్ రూముల్లో రెండు నోబెళ్లు కలిసి వెలుగుతున్నాయన్నమాట! కాకపోతే అస్తమానం గాఢ నీలంలోనే ఉంచితే ఇల్లు పబ్బులా ఉంటుంది, చేపల అసలు రంగు కనపడదు. సాయంత్రం మీరు కూర్చుని చూసే రెండు గంటలు కాస్త తెలుపు పెంచుకో.

పార్ కొలిచే మీటరు కొనక్కర్లేదు, అద్దెకి తీసుకో. అపోజీ ఎంక్యూ-510 అడుగు. అది నీటి లోపల ఎల్‌ఈడీలని సరిగ్గా కొలుస్తుంది. పాత మోడళ్లు నీలాన్ని తక్కువ చూపిస్తాయి, అది చూసి లైటు పెంచేస్తే పగడాలు తెల్లబడతాయి. రాళ్లు పేర్చాక, పగడాలు పెట్టకముందే కొలిచి కాగితం మీద గీసుకో. తర్వాత ఏ పగడం ఎక్కడన్నది ఆ కాగితమే చెబుతుంది.

మొదట అనుకున్న బలంలో సగంతో మొదలుపెట్టి ఐదారు వారాల్లో నెమ్మదిగా పెంచు. రోజుకి పది గంటలు చాలు. కరెంటంటావా, మొత్తం వెయ్యి వాట్లు సగటున 70 శాతం మీద పది గంటలంటే రోజుకి ఏడు యూనిట్లు. యూనిట్‌కి 15 సెంట్లు వేసుకున్నా నెలకి 32 డాలర్ల లోపే. పంపులూ హీటర్ల బిల్లు వేరే, అది చెల్లెమ్మకి ఇప్పుడే చెప్పకు.

అన్నట్టు, విజయవాడలో మీ బావమరిది కూడా ఇలాంటిదే పెడతానంటున్నాడన్నావు. చేపల వరకైతే సరే. గట్టి పగడాలు 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికున్న రక్షణే వాటికీ. ఎవరో తెచ్చిస్తామన్నారని కొన్నాడంటే కేసవుతుంది, గట్టిగా చెప్పు.

డబ్బు కట్టేముందు ఒక్క పని చెయ్యి. ట్యాంక్ పైన గాజు బ్రేస్ (బిగింపు పట్టీ) చుట్టూతానే ఉందా, మధ్యలో అడ్డపట్టీలు కూడా ఉన్నాయా? ఉంటే వాటి వెడల్పు, మధ్య దూరాలు కొలిచి ఫోటోతో సహా పంపు. ఫిక్స్‌చర్ సరిగ్గా పట్టీ మీదికొస్తే ఉప్పు పేరుకుని వెలుతురంతా దానికే పోతుంది. ఆ లెక్క చూసి ఏది ఎక్కడ వేలాడదియ్యాలో నేను గీసి పంపుతాను. ఈ శనివారం లోపు పంపితే ఆదివారం ఫోన్లో తేల్చేద్దాం.

పిల్లలకి ముద్దులు, చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి