మొటిమల గుంటల చికిత్స ప్యాకేజీపై ఫిర్యాదు, మిగిలిన సొమ్ము వాపసు కోరుతూ లేఖ

స్వీకర్త:
వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

విషయం: మీ విజయవాడ శాఖలో కొన్న లేజర్ ప్యాకేజీ రద్దు, సొమ్ము వాపసు, చికిత్స రికార్డుల నకళ్లు ఇప్పించడం గురించి.

ఆర్యా,

మొటిమలు తగ్గాక బుగ్గల మీద మిగిలిన గుంటలకు చికిత్స కోసం మీ సంస్థ విజయవాడ శాఖకు వచ్చిన నాకు ఆరు సిట్టింగుల ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ ప్యాకేజీని 78,000 రూపాయలకు అమ్మారు. అందులో రెండు సిట్టింగులు పూర్తయ్యాయి. నా గుంటలు ఏ రకానివో పరీక్షించకుండా, వాటికి వేరే చికిత్సలు ఏమున్నాయో చెప్పకుండా, నా చర్మపు రంగుకు ఆ లేజర్ వల్ల రాగల ఇబ్బందిని ముందుగా హెచ్చరించకుండా ఈ ప్యాకేజీని నా చేత కొనిపించారనీ, ఇబ్బంది బయటపడ్డాక మిగిలిన నాలుగు సిట్టింగుల సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరిస్తున్నారనీ ఈ లేఖ ద్వారా ఫిర్యాదు చేస్తున్నాను. శాఖ మేనేజరు గారికి నోటిమాటగా చెప్పాను, ఈమెయిల్ పంపాను. ఫలితం లేకపోవడంతో మీకు రాయవలసి వచ్చింది.

అసలు లోపం మొదటి రోజే జరిగింది గనుక ఆ రోజు సంగతి కొంత వివరంగా చెబుతాను. నన్ను ముందుగా కూర్చోబెట్టింది డాక్టరు గదిలో కాదు, కౌన్సెలర్ గదిలో. ఆవిడ ట్యాబ్‌లో చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఫొటోలు చూపించారు. ముందు తీసిన ఫొటోల్లో వెలుతురు ఒక పక్క నుంచి పడి ప్రతి గుంటలోనూ నీడ నిలిచి ఉంది. తర్వాత తీసిన వాటిలో వెలుతురు ఎదురుగా పడి బుగ్గ సమంగా మెరుస్తోంది. ముఖం మీద గుంట మన కంటికి ఆనేదే దాని నీడ వల్ల. వెలుతురు మార్చి తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి ఫలితమని చూపిస్తే చూసేవారు నమ్మడంలో ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత ఆవిడ, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా అని అడిగి, చూస్తుంటే ఆలస్యం చేయడం మంచిది కాదని, ఆఫర్ ఆ రోజుతో ముగుస్తుందని అన్నారు. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. చర్మం గురించి అడగడానికి వచ్చిన మనిషి దగ్గర మీ కౌన్సెలర్ పెళ్లి ప్రస్తావన తెచ్చి బేరం కుదుర్చుకోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. మీ సిబ్బందికి ఇలా మాట్లాడమని శిక్షణ ఇస్తున్నారేమో దయచేసి విచారించండి.

సొమ్ము మాట ఖాయమయ్యాకనే డాక్టరు గారి గదిలోకి పంపారు. ఆయన బల్లకు అవతలి నుంచి చూశారు తప్ప ముఖం మీద చెయ్యి వేసి పరీక్షించలేదు. కొద్ది వారాల క్రితం వరకు మొటిమలు తగ్గడానికి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడానని నేనే చెప్పాను. నా కేసు షీటులో ఆ మాట ఎక్కడా నమోదు కాలేదు. ఆ మాత్రలు ఆపిన తర్వాత ఆరు నెలల దాకా ఇలాంటి చికిత్సలేవీ చేయకూడదనే పాత నియమం ఇప్పుడు అంత కచ్చితంగా లేదనీ, 2017లో అమెరికన్ సొసైటీ ఫర్ డెర్మటాలజిక్ సర్జరీ నిపుణులు చాలా చికిత్సల విషయంలో దాన్ని సడలించారనీ నాకు తెలుసు. కాబట్టి మాత్రలు ఆపిన వెంటనే లేజర్ చేయడమే తప్పని నేను అనడం లేదు. చేయాలా, ఆగాలా, ఎంత తీవ్రతతో చేయాలి అన్నది డాక్టరు తూచి నిర్ణయించవలసిన విషయమనీ, మీ శాఖలో ఆ తూకమే జరగలేదనీ అంటున్నాను.

రెండో సిట్టింగు అయిన కొద్ది వారాలకు నా రెండు బుగ్గల మీద గోధుమరంగు చుక్కలు, లేజర్ పడిన వరుసల ప్రకారమే, గళ్ల కాగితం మీద పెన్ను పెట్టినట్టు బారుగా లేచాయి. గుంటలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఈ లేజర్ 10,600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేస్తుంది. ఆ శక్తిని చర్మంలోని నీరు పీల్చుకోవడంతో సన్నని నిలువు గాయాలు పడతాయి, అవి మానేటప్పుడు కొత్త కొలాజెన్ పుడుతుంది. ఆ వేడికే చామనఛాయ చర్మంలో రంగు కణాలు రెచ్చిపోయి నల్లబడే ప్రమాదం ఉంది. చర్మపు రంగును ఆరు తరగతులుగా విభజించే ఫిట్జ్‌ప్యాట్రిక్ పద్ధతిలో మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు తరగతుల్లోకి వస్తారు. అందువల్ల లేజర్ చుక్కల సాంద్రత తగ్గించి పెట్టడం, ముందు చెవి పక్కన చిన్న చోట వేసి చూడడం, ఎండ తగలకుండా కాపాడుకునే ఏర్పాటు ఉందో లేదో తెలుసుకోవడం వంటి జాగ్రత్తలు అవసరమవుతాయి. నాకు ఏప్రిల్ నెలలో, విజయవాడ ఎండల్లో, రోజూ బస్సులో కాలేజీకి వెళ్లి వస్తానని తెలిసీ లేజర్ చేశారు. పరీక్షగా ఒక చోట వేసి చూడడం జరగలేదు. సన్‌స్క్రీన్ మాత్రం మీ కౌంటరులోనే కొనిపించారు. ఎంత పరిమాణంలో, ఎన్ని గంటలకొకసారి రాసుకోవాలో చెప్పినవారు లేరు.

అప్పుడు ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ నన్ను కిటికీ పక్కకు తిప్పి కూర్చోబెట్టి, చిన్న టార్చిని చెంపకు పక్క నుంచి పట్టి చూశారు. తర్వాత రెండు వేళ్లతో నా బుగ్గను నెమ్మదిగా సాగదీసి అద్దం నా చేతికిచ్చారు. అలా సాగదీసినప్పుడు వెడల్పాటి పల్లాలన్నీ సాపు అయిపోయాయి. సూదితో పొడిచినట్టున్న సన్నని రంధ్రాలు మాత్రం కదలలేదు. సాపు అయినవి రోలింగ్ గుంటలు, చర్మం అడుగున నారపోగులు పట్టి కిందికి లాగడం వల్ల ఏర్పడినవి. కదలని సన్నని లోతైనవి ఐస్‌పిక్ గుంటలు. కణత దగ్గర నిలువు అంచులతో ఉన్న రెండు మూడు మాత్రం బాక్స్‌కార్ రకం. ఇక మీ కౌన్సెలర్ ముఖం బొమ్మ మీద గుంటలుగా గుర్తుపెట్టిన వాటిలో చాలా భాగం అసలు గుంటలే కావు. అవి మొటిమ మానాక మిగిలే నల్ల మచ్చలు, ఎండ తగలకుండా చూసుకుంటే నెలల్లో వాటంతట అవే పలచబడేవి. అంటే నేను లేజర్‌కు చెల్లించిన దానిలో కొంత, లేజర్‌తో పనిలేని మచ్చలకు చెల్లించాను. ఈ పరీక్షకు పట్టినది కొద్ది నిమిషాలు. దానికి ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు.

ఆ పరీక్షను బట్టి నా ముందున్న దారులను ఆవిడ వివరించారు. రోలింగ్ గుంటలకు సబ్‌సిషన్ చేస్తారు: చర్మం కింద సూది గానీ మొద్దు కొన ఉన్న కాన్యులా అనే సన్నని గొట్టం గానీ పోనిచ్చి, కిందికి లాగుతున్న పోగులను తెంచుతారు. 1995లోనే వైద్య పత్రికలకెక్కిన ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. వారం పది రోజులు ముఖం కమిలి, వాచి ఉంటుంది, కొందరికి గడ్డలు కడతాయి. ఆ సంగతి దాచకుండా ముందే చెప్పారు. ఐస్‌పిక్ గుంటల అడుగు దాకా లేజర్ సరిగా చేరదు కాబట్టి, వాటికి గాఢమైన ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లాన్ని సన్నని పుల్ల కొనతో ఒక్కొక్క రంధ్రంలో పెట్టే టీసీఏ క్రాస్ పద్ధతి గానీ, మరీ లోతైనవాటిని పంచ్ అనే చిన్న గుండ్రటి కత్తితో తీసి కుట్టడం గానీ మెరుగు. ఆ ఆమ్లం వల్ల కూడా మన చర్మంలో నల్లబడే ప్రమాదం కొంత ఉంది. పై పొరలను సమం చేయడానికి చివరలో, సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే మైక్రోనీడ్లింగ్ చేయవచ్చు, అందులో వేడి ఉండదు కాబట్టి చామనఛాయ వారికి లేజర్ కంటే భయం తక్కువ. దేనికైనా కొలాజెన్ కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుందనీ, ఎవరు చేసినా గుంటలు పూర్తిగా మాయం కావనీ, తగ్గుతాయనీ ఆవిడ స్పష్టంగా చెప్పారు. పూర్తిగా పోవని వినడం కష్టంగానే అనిపించింది. అయినా ఆ నిజం మీద ఆధారపడి నేను ఒక నిర్ణయం తీసుకోగలిగాను. ముందు ఈ చుక్కలు తగ్గనిచ్చి, ఆ తర్వాత సబ్‌సిషన్, క్రాస్ చేయించుకుని, మిగిలిన దాన్ని బట్టి మైక్రోనీడ్లింగ్ గురించి ఆలోచిస్తాను. లేజర్‌కు నేను వ్యతిరేకిని కాను. బాక్స్‌కార్ గుంటలకు అది బాగా పనిచేస్తుందని ఆవిడే అన్నారు. నా ముఖంలో అవి రెండు మూడే.

ఇది మీ శాఖకు తెలిపి, మిగిలిన నాలుగు సిట్టింగుల సొమ్ము వాపసు అడిగితే, ప్యాకేజీ సొమ్ము తిరిగి ఇవ్వబడదని రసీదు వెనుక ముద్రించి ఉందన్నారు. సబ్‌సిషన్ మీ దగ్గరే చేయించుకుంటానని అడిగితే దానికి విడిగా కట్టాలన్నారు. ఒకే ముఖానికి అవసరమైన చికిత్సను మీ డాక్టర్లు చేయగలిగి ఉండీ మొదటి రోజు దాని పేరైనా ఎత్తలేదంటే, అది మరచిపోవడం వల్ల జరిగిందని నేను అనుకోలేకపోతున్నాను.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) ప్రకారం, వినియోగదారుకు తెలియవలసిన సమాచారాన్ని కావాలని చెప్పకపోవడం కూడా సేవాలోపమే. సెక్షన్ 2(46) వినియోగదారుకు తీవ్ర నష్టం కలిగించే ఏకపక్ష షరతులున్న ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందంగా నిర్వచిస్తోంది. లోపమున్న సేవను ఉపసంహరించి సొమ్ము తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది; రోగి అంగీకారం చెల్లాలంటే ప్రత్యామ్నాయ చికిత్సలూ వాటి ప్రమాదాలూ ముందుగా చెప్పి ఉండాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. నా చేత సంతకం చేయించిన అంగీకార పత్రం ఇంగ్లిషులో ముద్రించిన ఒకే పేజీ. అందులో ప్రత్యామ్నాయాల ప్రస్తావన ఒక్క వాక్యం కూడా లేదు. మీ శాఖ గోడ మీదా, కరపత్రం మీదా "మచ్చలు నూటికి నూరు శాతం మాయం" అన్న హామీ మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ కరపత్రాన్ని ఈ లేఖకు జతపరుస్తున్నాను.

కాబట్టి వాడని నాలుగు సిట్టింగులకు సంబంధించిన 52,000 రూపాయలను తిరిగి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఈ ప్యాకేజీ కోసం మీ కౌంటరులోనే నా ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని 60,000 రూపాయల రుణం పెట్టించారు. దాని వాయిదాలు నా జీతం నుంచి ఇంకా పోతూనే ఉన్నాయి. వాపసు సొమ్ములో ముందుగా ఆ రుణ బాకీని తీర్చి, రుణం ముగిసినట్టు ధ్రువపత్రం ఇప్పించి, మిగిలినది నా బ్యాంకు ఖాతాలో జమ చేయండి. కేసు షీటు, రెండు సిట్టింగుల్లోనూ లేజర్‌ను ఏ శక్తి, ఏ సాంద్రత మీద పెట్టారో తెలిపే వివరాలు, నా ఫొటోలు, అంగీకార పత్రం నకళ్లు కూడా కావాలి. రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి, 2002 చెబుతోంది. ఇకపై నాకు చికిత్స చేసే డాక్టరుకు ఆ లేజర్ వివరాలు నిజంగా అవసరం. నా ఫొటోలను ప్రకటనల్లో గానీ, కౌన్సెలర్ల ట్యాబుల్లో గానీ వాడడానికి నేను అంగీకరించడం లేదు. ఇప్పటికే చేర్చి ఉంటే తొలగించి రాతపూర్వకంగా తెలియజేయండి.

నా సొమ్ముతో సంబంధం లేని మరొక్క మాట కూడా మీ దృష్టికి తేవాలి. మీ శాఖలో కౌన్సెలర్ గది బయట కుర్చీల్లో నాతో పాటు కూర్చున్నవారిలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలే ఎక్కువ. కొందరికి మొటిమలు ఇంకా ఎర్రగా పొంగి ఉన్నాయి. మొటిమలు అదుపులోకి రాకముందే గుంటలకు చికిత్స మొదలుపెడితే, ఒక పక్క పూడుస్తుంటే మరో పక్క కొత్తవి పడతాయి. గడ్డం కింద, ఛాతీ మీద, భుజాల మీద ఉబ్బెత్తు మచ్చలు పెరిగే తత్వం ఉన్నవారికి ఇలాంటి గాయం చేసే చికిత్సే హాని చేయవచ్చు. వారికి ఆ మచ్చలోకి స్టీరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం వంటి వేరే దారి చూడాలి. డాక్టరు చేత్తో తాకి పరీక్షించి, ఏ రకం గుంటలు ఎక్కడ ఉన్నాయో రాసి సంతకం చేసేదాకా ఏ శాఖలోనూ ప్యాకేజీ డబ్బు తీసుకోకూడదని మీ సంస్థ అన్ని శాఖలకూ రాతపూర్వకంగా ఆదేశించాలని గట్టిగా కోరుతున్నాను.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకమైన సమాధానం ఆశిస్తున్నాను. అప్పటికీ పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌ను ఆశ్రయిస్తాను. రసీదు, రుణ పత్రం, కరపత్రం, నా ఈమెయిల్, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీ నకళ్లు, బుగ్గల ఫొటోలు జతపరిచాను. నా పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా రసీదు నకలులో ఉన్నాయి.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)